పదమూడో మెట్టు

పొద్దున్న ఆరింటికి కరెంటు పోతుంది కాబట్టి దుర్గాంబ ఐదింటికే లేచి అన్నం వండేస్తుంది, మోటారు వేసి నీళ్ళు ఎక్కించేస్తుంది, ఫోన్లు చార్జింగుకి పెట్టేస్తుంది. అవన్నీ అయ్యాక గుమ్మం కడిగి, చిన్న ముగ్గు పెట్టి వీధిలోకి వస్తుంది. వీధి నిండా తాళ్ళు వేలాడుతుంటాయి. యాంగోన్‌లో మేడల మీద ఉండేవాళ్ళకి కిందికి దిగడమంటే మహా బద్ధకం. బాల్కనీకో తాడు, తాడు చివర ఒక క్లిప్పు, పైన ఒక గంట. పేపరువాడు పేపరు తగిలించి తాడు లాగితే పైన గంట మోగుతుంది, ఇంటివాళ్ళు చేదుకుంటారు. మూడో అంతస్తులో డా ఖిన్ ఉంటుంది, పెద్దావిడల పేర్ల ముందు బర్మావాళ్ళు మర్యాదకి డా చేరుస్తారు. ఆవిడ తాడుకి దుర్గాంబ అప్పుడప్పుడు నాలుగు గారెలు తగిలిస్తుంది. సాయంత్రం అదే క్లిప్పుకి టీ ఆకుల పచ్చడి దిగుతుంది. ఇరవై ఏళ్ళుగా ఆ ఇద్దరి స్నేహం ఎక్కువ భాగం తాడు మీదే నడిచింది.

ఈలోగా ఇంట్లో ఆమె మొగుడు సన్యాసి లేచి, మొహం కడుక్కుని, నేలమాళిగ తలుపు తీసి, టార్చి వేసి పైనుంచి కిందికి మెట్లు లెక్కపెడతాడు.

"ఇంద్రుడు, యముడు, రాజు. ఇంద్రుడు, యముడు, రాజు..."

లెక్క ఆగేసరికి దుర్గాంబ వంటింట్లోకి తిరిగొచ్చి కేకేస్తుంది.

"ఇవాళేటయ్యా?"

"రాజు. అరవై మూడు."

"అయితే గుంటణ్ణి లెగ్గొట్టు. పనికి దిగుతాడు."

నిన్న అరవై రెండు. ఆఖరి మెట్టు యముడి మీద పడింది, సెలవు. రేపు అరవై నాలుగు, ఇంద్రుడు. ఎల్లుండి మళ్ళీ యముడు, మళ్ళీ సెలవు. ఆ ఇంట్లో ఆదివారాలు ఎత్తేసి చాలా రోజులైంది.

ఆ నేలమాళిగ సంగతి చెప్పకపోతే కథ నడవదు. బొటటౌంగ్ రేవుకి నాలుగు వీధుల ఇవతల, తెల్లవాళ్ళ కాలం నాటి ఇటుక మేడ అది. సన్యాసి తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఆ రేవులో బస్తాలు మోశాడు. మేడ కట్టించిన శెట్టి ఎవరో నూనె పీపాలు దాచుకోడానికి కింద ఒక గది తవ్వించాడు. శెట్టి పోయాడు, పీపాలు పోయాయి, గది మాత్రం కింది వాటాలో ఉండేవాళ్ళ పాలపడింది. రెండడుగులు తవ్వితే నీళ్ళూరే ఊళ్ళో నేలమాళిగ ఎందుకు, తలకాయ ఎందుకు? యాభై ఏళ్ళపాటు దాంట్లో విరిగిన కుర్చీలు పడేశారు.

దాని అవసరం ప్రసాదు వల్ల వచ్చింది. వాడి పూర్తి పేరు సత్యప్రసాద్, ఇరవై నాలుగేళ్ళు, ఒక్కడే కొడుకు. లైంగ్‌థార్యార్‌లో ఒక ఫర్నిచర్ ఫ్యాక్టరీలో చేసేవాడు. కుర్రాళ్ళని పటాలంలోకి తీసుకుపోయే చట్టం వచ్చాక, వార్డుల్లో చీట్లు తీయడం మొదలయ్యాక, వాడు రోజూ రెండు బస్సులు మారి ఇంటికి చేరేదాకా దుర్గాంబ వీధరుగు దిగేది కాదు. ఒకరోజు ప్రసాదు టీకొట్టు దగ్గర ఆగితే బస్సు తప్పిపోయింది. ఆ బస్సులోంచే, రోజూ వాడి పక్కన కూర్చునే కుర్రాణ్ణి దింపి లారీ ఎక్కించారు. ఆ కుర్రాడి టిఫిను డబ్బా సీటు మీదే ఉండిపోయిందట.

"రేపట్నుంచి నువ్వెల్లొద్దు," అంది దుర్గాంబ.

"ఎల్లకపోతే ఏటి తింటామమ్మా?"

"మీ నాన్న చేతిలో పనుంది. నీ చేతిలో పనుంది. ఇంటి కింద గదుంది. ఇంకేటి కావాల?"

సన్యాసి ఇన్సేన్ రైలు కార్ఖానాలో ముప్పై ఏళ్ళు కర్రపని చేసి రిటైరైనవాడు. ఊరికే కూర్చుని చేతులు దురద పెడుతున్నవాడు. సరేనన్నాడు. ముందు గదిలో కొట్టు పెడితే దారినపోయే ప్రతివాడి కంటా పిల్లాడు పడతాడు, కింద అయితే ఎవరికీ కనపడడు.

నెల్లాళ్ళు పట్టింది. చెత్తంతా మోసి పారేశారు. గోడలకి తారు పూశారు. నేలమీద ఇటుకలు పరిచి వాటిమీద చెక్కలు వేశారు. చెమ్మ పీల్చుకోడానికి మూలకో బొగ్గుల బుట్ట, సున్నం డబ్బా పెట్టారు. లేకపోతే వాన నెలల్లో ఎంత మంచి పలకైనా అప్పడంలా వంగిపోతుంది. వీధి వైపు మూరెడు కిటికీ ఉంది, అందులోంచి నడిచేవాళ్ళ చెప్పులు కనిపిస్తాయి. పనిబల్ల దాని కింద వేశారు. గోడకి రంపాలు, ఉలులు, చిత్రికలు వరసగా తగిలించారు. మిషన్ల ఊసే ఎత్తలేదు. కరెంటుకి దిక్కులేదు, అదొకటి. మిషను చప్పుడు వీధి చివరిదాకా పోతుంది, చిత్రిక చప్పుడు గుమ్మం దాటదు, అది అసలు సంగతి.

పాత ఇటుక మెట్లు అరిగి రాలిపోతున్నాయని సన్యాసి కర్రమెట్లు వేశాడు. రైలు పట్టాల కింద ఏళ్ళ తరబడి తడిసినా పుచ్చని పింగాడో కర్ర, పాత స్లీపర్లు, ఇన్సేన్ నుంచి బండి మీద తెప్పించాడు. పదకొండు మెట్లు వచ్చాయి. డా ఖిన్ పనిగట్టుకుని దిగివచ్చి లెక్కపెట్టి, "బేసి సంఖ్య, చాలా మంచిది," అని మెచ్చుకుంది. బర్మావాళ్ళ ఇళ్ళల్లో మెట్లు బేసిగా ఉండాలి.

దుర్గాంబ మనవాళ్ళ లెక్క పెట్టింది. ఇంద్రుడు, యముడు, రాజు అంటూ దిగి, పదకొండో మెట్టు మీద ఆగిపోయింది.

"ఓలమ్మా! యముడి మీద తెచ్చి ఆపావేటయ్యా? రోజూ నా కొడుకు యముడి నెత్తిన కాలెట్టి పనికి దిగుతాడేటి?"

"పోనీ ఇంకోటి వేస్తాను. పన్నెండు, రాజు."

"పన్నెండు సరి సంఖ్య," అని డా ఖిన్ మూతి ముడిచింది.

ఇద్దరు ఆడవాళ్ళకీ నచ్చే అంకె పదమూడు. దానికోసం తండ్రీ కొడుకులు పరిచిన చెక్కలు లేపి, ఇటుకలు లేపి, నేలని రెండు జానలు కిందికి తవ్వారు. అనుకున్నట్టే నీళ్ళూరాయి. మూడు రోజులు బకెట్లతో తోడారు. "కొట్టు పెట్టమన్నావా, నుయ్యి తవ్వమన్నావా?" అని సన్యాసి విసుక్కుంటూనే ఉన్నాడు. చివరికి మిగిలిన స్లీపరు కోసి, పన్నెండో మెట్టు, పదమూడో మెట్టు బిగించాడు. మెట్టుకి నాలుగు మేకులు. పదమూడు, ఇంద్రుడు. దుర్గాంబ కొబ్బరికాయ కొట్టింది, డా ఖిన్ మల్లెపూలు తెచ్చింది.

మర్నాడు పొద్దున్న పద్నాలుగు ఉన్నాయి.

సన్యాసి రెండుసార్లు లెక్కపెట్టి పైకొచ్చి, "యముడు," అన్నాడు. "అయితే ఇవాళ దిగొద్దు," అంది దుర్గాంబ. ఆ మర్నాడు పదిహేను, రాజు. పనికి దిగారు. దాని గురించి ఆ ఇంట్లో అంతకుమించి మాటలేం జరగలేదు. రోజుకో మెట్టు, ఒక జానెడు లోతు. పనిబల్ల, రంపాలు, బొగ్గుల బుట్టలు అన్నీ నేలతో పాటే దిగేవి. పదమూడో మెట్టు దాకా సన్యాసి మేకులు కనిపిస్తాయి, ఆ కింద మేకుల్లేవు, అంతే తేడా. బల్బు తీగకి అతుకులు వేశారు. చేసిన సామాను పైకి లాగడానికి తాడు కట్టారు. లోతయ్యేకొద్దీ చల్లగా ఉంటోందని డా ఖిన్ తన పచ్చడి జాడీలు నాలుగు తెచ్చి పెట్టుకుంది.

పని బాగానే నడిచింది. బర్మావాళ్ళకి బుద్ధుడి విగ్రహం పెట్టుకునే అలమరలు, భోజనాల గుండ్రటి బల్లలు, మనవాళ్ళకి పెళ్ళిపీటలు. తండ్రి కోసేవాడు, కొడుకు చిత్రిక పట్టేవాడు. ప్రసాదు చెయ్యి తండ్రి చెయ్యికంటే మెత్తన. వాడు నునుపు చేసిన పీట మీద కూచుంటే జారిపోతామని వీధిలో వేళాకోళం చేసేవాళ్ళు. దుర్గాంబ ఏడాది తరవాత కంటినిండా నిద్రపోయింది.

తొంభై ఐదో మెట్టు నాడు వాన దంచి కొడుతోంది. తొంభై ఐదంటే యముడు, సెలవు. ప్రసాదు ముందు గదిలో మంచం మీద పడుకుని ఫోను చూసుకుంటున్నాడు. తలుపు తీసే ఉంది. వార్డు పెద్ద ఊ థాన్ గొడుగు మూసి లోపలికి వచ్చాడు.

"ఇంట్లో ఉన్నాడా సత్యప్రసాద్?" అని అడిగాడు, ఎదురుగా మంచం మీద ఉన్నవాణ్ణి చూస్తూనే. కాగితంలో అలాగే అడగమని ఉంటుంది.

చీటీలో వాడి పేరు వచ్చింది. మూడు రోజుల్లో హాజరు కావాలి. కాకపోతే వాళ్ళే వస్తారు. ఇంకే రోజైనా వాడు తొంభై మెట్ల కింద ఉండేవాడు, ఊ థాన్ కంట పడేవాడు కాదు. సెలవు పెట్టింది తనే కదా అని దుర్గాంబ నుదురు కొట్టుకుంది.

"నా చేతుల్లో ఏమీ లేదు, డా దుర్గా," అన్నాడు ఊ థాన్. చెడ్డవాడు కాదు. గట్టివాడూ కాదు. టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

సన్యాసి ఆ మూడు రోజులూ తిరగని చోటు లేదు. గుడి కమిటీ నీలకంఠం దగ్గరకి వెళితే, "మా మేనల్లుడి పేరు కూడా వచ్చింది సన్యాసీ, నాకే దిక్కు తోచటం లేదు," అని ఆయనే కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్సేన్‌లో పాత మేస్త్రీ దగ్గరకి వెళితే ఆయన తలుపే తీయలేదు. ఇంటికొచ్చి, ఎవరూ అడగని పలక ఒకటి తీసి, చిత్రిక పట్టి పట్టి కాగితమంత పలచన చేసేశాడు. కర్రలో వంకరుంటే తీయగలడు. ఈ వంకర తీయడం ఏ కార్ఖానాలో నేర్పలేదు. తనంత పనికిమాలినవాడు లేడనిపించి, ఆ పలక విరిచేశాడు.

మూడో రోజు పొద్దున్న లెక్కపెట్టాడు. తొంభై ఎనిమిది.

"ఏటి?" అంది దుర్గాంబ.

సన్యాసి అంకె ఒక్కటే చెప్పాడు. ఆమే వేళ్ళ మీద లెక్క వేసుకుంది. యముడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళి క్యారేజీలో అన్నం, ఆనపకాయ కూర పెట్టింది. తెచ్చి కొడుకు చేతికిచ్చి, నేలమాళిగ తలుపు తానే తీసింది.

"దిగు."

"ఇవాళ యముడు కదమ్మా."

"పటాలం కంటే యముడు నయం. ఆయన మనోడు. తెలుగులో చెప్తే వింటాడు. దిగు నాయనా, దిగు."

వాడు తల్లి మొహం చూసి నవ్వబోయి, నవ్వలేక దిగిపోయాడు.

పదింటికి ఊ థాన్, ఇద్దరు సిపాయిలు వచ్చారు. "ఇంట్లో ఉన్నాడా సత్యప్రసాద్?" అన్నాడు ఊ థాన్.  దుర్గాంబ నాలుగు అబద్ధాలు సిద్ధం చేసుకుంది పాపం, ఒక్కటీ అక్కరకి రాలేదు. నేలమాళిగ తలుపు వెనకనుంచి చిత్రిక చప్పుడు సర్ సర్ మని అందరికీ వినిపిస్తూనే ఉంది. కంగారుపడితే పని చేసుకోవడం వాడికి అలవాటు. సిపాయిలు టార్చి వేసుకుని దిగారు.

పదకొండయింది. పన్నెండయింది. వాన ఆగి మళ్ళీ పట్టుకుంది. ఊ థాన్ ఈసారి టీ తాగాడు, రెండు కప్పులు. సన్యాసి గోడకి ఆనుకుని నేలమీద కూర్చుండిపోయాడు. మూడింటికి సిపాయిలు పైకొచ్చారు, చొక్కాలు పిండితే నీళ్ళు కారేలా ఉన్నాయి. చిన్నవాడికి పద్దెనిమిది దాటి ఉండవు. గుమ్మంలోనే కూలబడి, "అమే, కాసిని నీళ్ళు," అన్నాడు, అమ్మని పిలిచినట్టే. దుర్గాంబ చెంబుతో ఇచ్చింది.

"మెట్లు అయిపోవడం లేదు," అన్నాడు పెద్దవాడు. "ఆ చప్పుడు మాత్రం ఎప్పుడూ రెండు మెట్ల కిందే ఉంటోంది. పేరు పెట్టి పిలిస్తే వస్తున్నానంటాడు."

"మాది ట్వంటే, కుమ్మరి పని," అన్నాడు చిన్నవాడు, ఎవరూ అడక్కుండానే. "మా ఇంటికి మూడే మెట్లు." ఆ మాట అని తలొంచుకున్నాడు. దుర్గాంబకి వాడి మీద కోపం రాలేదు.

ఊ థాన్ కాగితం మీద కాసేపు పెన్ను ఆడించి రాశాడు: మనిషి ఇంట్లోనే ఉన్నాడు. కబురు అందింది. పైకి వస్తున్నాడు. ఆ రాతలో తప్పు లేదు కాబట్టి ముగ్గురూ వెళ్ళిపోయారు. నెలకోసారి వచ్చి చూడాలి, అంతే.

"ఎల్లిపోయారురా! బేగి రా నాయనా!" అని దుర్గాంబ మెట్లలోకి కేకేసింది.

"వస్తన్నానమ్మా!" అని ఎక్కడో అడుగునుంచి వినిపించింది.

వాడికోసం వడ్డించిన అన్నం చల్లారిపోయింది. మర్నాటికీ వాడు రాలేదు. సన్యాసి లెక్క మొదలుపెట్టి వెయ్యిన్ని మూడొందల దగ్గర వదిలేశాడు. ఆఖరి మెట్టు ఏదో తెలియకపోతే ఇవాళ ఇంద్రుడో యముడో ఎవరు చెప్పగలరు? రెండు రోజుల తిండి కట్టుకుని దిగాడు కూడా. ఎంత దిగినా చప్పుడు అంతే దూరంలో ఉందిట. మోకాళ్ళు పట్టుకుని పైకొచ్చి పిల్లాడిలా ఏడ్చాడు. తండ్రి దిగలేడు, కొడుకు ఎక్కలేడు. ఎంత ఎక్కినా పైన వెలుగు ఇసుమంత కూడా దగ్గర కావటం లేదని కొడుకు కిందినుంచి కేకేసి చెప్పాడు.

ఆకలికి మాత్రం ఆగడం కుదరదు కదా. ముందు డా ఖిన్ తన బాల్కనీ తాడు విప్పి, క్లిప్పూ గంటా సహా పట్టుకొచ్చింది. సాయంత్రానికి వీధిలో తాడు వేలాడే బాల్కనీ ఒక్కటీ మిగల్లేదు. అందరూ పేపర్లకి, పచ్చళ్ళకి కిందికి దిగి నడవడం మొదలెట్టారు. నైలాను తాళ్ళు, నులకతాళ్ళు, బట్టలారేసే తీగలు, అన్నిట్నీ ముడేసి క్యారేజీ దించితే అది చేరేసరికి రెండు గంటలు పట్టింది. అటునుంచి లాగితే ఇక్కడ గంట మోగింది. కడిగిన క్యారేజీ పైకొచ్చింది, దాంతో పాటు చిన్న పీట ఒకటి. దుర్గాంబ ఆ పీట ఒళ్ళో పెట్టుకుని పొద్దుపోయేదాకా నిమురుతూ కూర్చుంది.

అప్పట్నుంచి అదే వాడుక. పొద్దున్న ప్రసాదు ఎక్కుతాడు. మధ్యాహ్నం క్యారేజీ తిని, దించిన కర్రతో పని చేస్తాడు. దుర్గాంబ తాడుకి రోజూ ఒక జానెడు అతుకు వేస్తుంది, మెట్లలోకి వంగి రోజూ ఒకే కేక వేస్తుంది. "బేగి రా నాయనా!"

దీపాల పండగ వెళ్ళాక ఒక మధ్యాహ్నం సన్యాసి మేకులు పీకే గడ్డపార తీశాడు.

"పదకొండు దగ్గర ఊరుకుని ఉంటే ఇదంతా లేదు," అన్నాడు. "ఆ రెండు మెట్లే దీనికి దారి చూపించాయి. ముందు పదమూడోది పీకేస్తాను."

"పదకొండంటే యముడు కదయ్యా," అంది దుర్గాంబ. అంది కానీ ఆపలేదు. వచ్చి పన్నెండో మెట్టు మీద అతని పక్కన కూర్చుంది.

మొదటి మేకు కిర్రుమని వచ్చింది. చిత్రిక చప్పుడు దగ్గరయింది. రెండో మేకు వచ్చింది. వాడు దగ్గడం వినిపించింది, కర్రపొట్టు గొంతుకి అడ్డంపడితే దగ్గే దగ్గు. దుర్గాంబ మొగుడి భుజం పట్టుకుంది. మూడో మేకు వచ్చింది.

"నాన్నా! వెలుగు కనపడతన్నాది!"

వాడి తల కనిపించింది. జుట్టు భుజాల దాకా పెరిగింది, దాన్నిండా పొట్టు. ఆమె ఇంకో మెట్టంత కిందికి వంగి చెయ్యి చాచింది. వాడూ చాచాడు. వేళ్ళకీ వేళ్ళకీ మధ్య మూరెడు ఉంటుందేమో. ఆ ఒక్క మేకు.

వీధి తలుపు కొట్టారు.

"డా దుర్గా! నేను, ఊ థాన్‌ని. నెలవారీ చూడ్డానికి వచ్చాం."

వీధి వైపు కిటికీలోంచి రెండు జతల బూట్లు కనిపించాయి. ఊ థాన్ ఎప్పుడూ చెప్పులే వేసుకుంటాడు. సన్యాసి చెయ్యి నాలుగో మేకు మీద ఆగిపోయింది. పెళ్ళాం మొహంలోకి చూశాడు. ఏం చెయ్యమంటావు అన్నట్టు కాదు, నేను చెయ్యలేను అన్నట్టు.

దుర్గాంబ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. పక్కనున్న సుత్తి తీసి అతని చేతికిచ్చింది.

మూడు మేకులు. ఒక్కొక్క దెబ్బకి కొడుకు తల చీకట్లోకి పోయింది.

"ఏటి నాన్నా? మళ్ళీ చీకటైపోయిందేటి?" అని అడుగుతూ పోయింది వాడి గొంతు.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళి తలుపు తీసింది. బూట్లవాళ్ళు కొత్తవాళ్ళు, ట్వంటే కుర్రాడు లేడు.

"ఇంట్లో ఉన్నాడా సత్యప్రసాద్?"

"ఉన్నాడు," అంది దుర్గాంబ. "పైకి వస్తున్నాడు."

ఊ థాన్ నేలమాళిగ తలుపు దగ్గర చెవి పెట్టి విన్నాడు. చాలా లోతునుంచి, ఉందా లేదా అన్నట్టు చిత్రిక చప్పుడు. సిపాయిలు కూడా విన్నారు. పోయిన నెల రాసిందే ఈ నెలా రాసి, గొడుగు తీసుకుని వెళ్ళాడు.

వాళ్ళు వీధి మలుపు తిరిగేసరికి గంట మోగింది. క్యారేజీ వేళ దాటిపోయింది, వాడికి ఆకలేస్తోంది. దుర్గాంబ అన్నం సర్దింది. తాడు జానెడు తక్కువయింది. వీధిలో అడగడానికి తాడు ఎవరి దగ్గరా మిగల్లేదు. చీర కొంగు అంచు చింపి ముడేసింది. క్యారేజీ దించుతూ, రోజూ వేసే కేక వెయ్యడానికి మెట్లలోకి వంగింది.

"తొందరేటీ లేదురా నాయనా," అంది. "మెల్లగా రా."